గంజి పెట్టిన ప్యాకింగు

పోయిన వారం రాజయ్యను దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీలో, సగం దించిన షట్టరు కింద వదిలిపెట్టాం. సకల జనుల సమ్మె మొదలై మూడో వారం. బస్సులు డిపోలు దాటడం లేదు. బడుల తాళాలు తీయడం లేదు. బంకుల్లో ఒక పూట పెట్రోలుంటే రెండు పూటలు లేదు. చిన్న ఇంజన్లు బాగుచేసి బతికే రాజయ్యకు పని లేదుగానీ కోపానికి కొదవ లేదు. ఆ కోపమంతా ఒక్క మనిషి మీద. తణుకు దగ్గరి పల్లె నుంచి వచ్చి, పాతికేళ్లుగా ఎల్బీనగర్‌లో ఉంటూ చెట్లు కోసే కాంట్రాక్టులు చేసుకునే జోగారావు మీద.

ఆర్నెల్ల కింద ఎల్బీనగర్ చౌరస్తాలో రాస్తారోకో జరిగిన రోజు పిల్లలు జోగారావు లారీని ఆపి చక్రాల్లో గాలి తీశారు. తీసినవాళ్లలో రాజయ్య తమ్ముడు నరేష్ ఉన్నాడు. "నీ పేరు గుర్తుపెట్టుకుంటానబ్బాయ్" అని జోగారావు నలుగురిలో అన్నాడు. ఆ సాయంత్రమే పోలీసులు పిల్లల్ని ఏరుకుపోయారు. తమ్ముడి పేరు పోలీసులకు చెప్పింది జోగారావేనని రాజయ్య నమ్మాడు, కనిపించినవాళ్లందరికీ చెప్పాడు. నరేష్ వాళ్లకు దొరకలేదు, ఇంటికీ రాలేదు. ఆ తర్వాత కేసు ఎత్తేసి రెండు నెలలైంది. మిగతా పిల్లలంతా మళ్లీ జెండాలు పట్టుకుని తిరుగుతున్నారు. నరేష్ జాడ మాత్రం లేదు.

ఆ జోగారావే పట్టపగలు గల్లీలోకి నడిచి వచ్చి, చెట్లు కోసే మిషను తెచ్చి, రాజయ్య బెంచి మీద పెట్టాడు.

రాజయ్య చేస్తానని అనలేదు, చేయనని అనలేదు. మిషను వంక చూశాడు. నారింజ రంగు తొడుగు, దాని మీద ఎండిన జిగురు, పళ్ల సందుల్లో వేప పొట్టు. పని చేసిన మిషను. పని చేసే వస్తువును చూస్తే రాజయ్యకు మనుషుల మీద లేని జాలి వస్తుంది. అది అతని బలహీనత, బతుకుతెరువు కూడా.

"ఎన్ని దినాలైంది?" అన్నాడు మొహం చూడకుండా.

"ఐదు రోజులండి. మొన్న గాలివానకి హయత్‌నగర్ అవతల పెద్ద చెట్టొకటి నర్సరీ షెడ్డు మీద ఒరిగిపోయింది. గొడ్డళ్లతో నరుకుతున్నారు, ఎప్పటికి తెగుతుందో ఏమో."

"మా దిక్కు చెట్లన్ని అయిపోయినయా, ఇంక?"

ఎదురుగా చాయ్ బండి దగ్గర గిన్నె కడుగుతున్న ముత్తమ్మ నవ్వింది. "గాలికి పడ్డ చెట్టును గూడ ఆంధ్రాయన ఖాతల రాస్తవా రాజయ్యా?"

"నీ చాయ్ నువ్వు చూస్కో."

"చూస్కుంటున్న. పాలు లేవు, చాయ్‌పత్తి లేదు. నీ మొఖం కంటె నా చాయే నల్లగున్నదా అని చూస్కుంటున్న."

జోగారావు నవ్వబోయి ఆగాడు. యాభై అయిదేళ్ల మనిషి. చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుంటాయి, రాసేది మాత్రం ఎవరూ చూడలేదు. ఆయన స్టూలు కోసం చూశాడు. రాజయ్య చూపించలేదు. నిలబడే ఉన్నాడు.

రాజయ్య మిషనును నేల మీదికి దించి, కాలితో అదిమిపెట్టి తాడు మెల్లగా లాగాడు. లోపల పిస్టను ఎదురు తిరిగింది. వేలి దగ్గర పట్టు బాగా తెలిసింది. ఇంజను చావలేదు. ఈ మాట అతను పైకి అనలేదు. జోగారావుకు ఊరట దక్కడం అతనికి ఇష్టం లేదు.

చోకు పెట్టి పది పన్నెండుసార్లు లాగాడు. దగ్గు కూడా లేదు. ప్లగ్గు విప్పి వెలుతురులో పెట్టి చూశాడు. అన్నిసార్లు లాగాక తడిసి, పెట్రోలు కంపు కొట్టాల్సిన ప్లగ్గు, ఎండాకాలం మట్టికుండ అడుగులా పొడిగా ఉంది. దాన్ని తీగకు తగిలించి, ఇంజను ఇనుముకు ఆనించి మళ్లీ లాగాడు. నీలంగా నిప్పురవ్వ టక్కున దూకింది.

"నిప్పు ఉన్నది. పెట్రోల్ వస్తలేదు" అన్నాడు తనలో తానే.

"అదేనండి, నేనూ అదే అనుకున్నాను."

"నువ్వనుకున్నవా? అయితె నువ్వే చేస్కోవచ్చు గద."

జోగారావు ఒక అడుగు వెనక్కి వేశాడు.

ట్యాంకు మూత తీసి పెట్రోలు అరచేతిలో పోసుకున్నాడు రాజయ్య. పెట్రోలు ఆరిపోయి ఇంజనాయిలు జిడ్డు మిగిలింది. కలిపిన పాళ్లు సరిగానే ఉన్నాయి. నీళ్లు లేవు. కొక్కెంతో లోపలి ఫిల్టరు పైకి లాగి నోటితో ఊదాడు, గాలి సాఫీగా వెళ్లింది. చివరికి మూత నిండా పెట్రోలు తీసి, ప్లగ్గు గుంతలో నాలుగు చుక్కలు వేసి, ప్లగ్గు బిగించి తాడు లాగాడు.

మిషను ఒక్కసారి గల్లీ దద్దరిల్లేలా అరిచింది. రెండు క్షణాలు. ఆ వెంటనే ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయింది. ముత్తమ్మ చేతిలో గ్లాసు జారింది.

"పోసినంత తాగింది, సచ్చింది" అన్నాడు రాజయ్య. "ట్యాంకులకెల్లి గుంజుకుంటలేదు. మొన్న కార్బొరేటర్ విప్పినోడు ఎవడు?"

ఇంత మామూలు ప్రశ్నకు జోగారావు తడబడ్డాడు. జేబులో పెన్ను తీసి, మూత ఊడదీసి, పెట్టి, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"ఎవడో మెకానిక్కేనండి."

"మెకానిక్కు కాకుంటె మంగలాయన విప్పుతడా. సరె."

రాజయ్య రెండు మరలు విప్పి కార్బొరేటర్ పక్కకు తీశాడు. దానికీ ఇంజనుకూ మధ్య ఉండే అట్ట ప్యాకింగు బయటపడింది. పెళ్లికార్డు అట్టతో చేత్తో కోసినది. అందులో వింతేమీ లేదు. ఈ రోడ్డు మీది మెకానిక్కులందరూ కొన్న ప్యాకింగు దొరకనప్పుడు పెళ్లికార్డులే కోస్తారు. ఊళ్లో పెళ్లిళ్లు జరుగుతున్నంత కాలం ఇంజన్లకు లోటు లేదు. రాజయ్య దాన్ని గోటితో పైకి లేపాడు.

అట్ట వంగలేదు.

అతని చెయ్యి అక్కడే ఆగింది. మామూలు పెళ్లికార్డు అట్టయితే గోటికే వంగాలి. ఇది తాటాకులా బిర్రుగా ఉంది. గోటితో గీరాడు. తెల్లటి పొడి రాలింది. బకెట్లో వేలు ముంచి ఆ పొడి మీద రుద్దాడు. జిగట.

గంజి.

పోచంపల్లి పక్క పల్లెలో రాజయ్య తండ్రి తెల్లవారుజామున వీధి పొడుగునా నూలు పరిచి గంజి పెట్టేవాడు. అన్నం గంజిలో ఆముదం చుక్క కలిపి, కుంచెతో నిమిరి, నీడన ఆరబెట్టేవాడు. ఏడో తరగతిలో బడి మానేసి పట్నం వచ్చిన రాజయ్యకు మగ్గం నుంచి మిగిలిన విద్య అదొక్కటే. కొన్న ప్యాకింగులు తెచ్చే స్తోమత లేని రోజుల్లో అతను పెళ్లికార్డు అట్టను గంజిలో ముంచి ఆరబెట్టి కోశాడు. గంజి పెట్రోలుకు కరగదు. ఆ సంగతి ఏ ఇంజనీరూ అతనికి చెప్పలేదు. తోటి మెకానిక్కులు నవ్వారు, "ఇంజనుకు అన్నం పెడుతున్నవా" అని. నవ్వినవాళ్లెవరూ నేర్చుకోలేదు. ఈ పట్నంలో ఆ పని నేర్చుకున్నవాడు ఇంకొక్కడే ఉన్నాడు.

రాజయ్య అట్టను వెలుతురుకేసి ఎత్తి పట్టాడు. మరల రంధ్రాలు రెండూ శుభ్రంగా ఉన్నాయి. నడిమి పెద్ద రంధ్రం గుండ్రంగా ఉంది. పక్కన ఆవగింజంత చిన్న రంధ్రం ఒకటుండాలి. ఇంజను ఊపిరి దానిలోంచి వెళ్తేనే కార్బొరేటర్‌లోని రబ్బరు పొర కొట్టుకుంటుంది. ఆ పొర కొట్టుకుంటేనే ట్యాంకులోని పెట్రోలు పైకి వస్తుంది. ఆ రంధ్రం పొడిచే ఉంది. కానీ దాని మీద గంజి పలచగా పొరకట్టి ఆరిపోయింది. ఆరినాక సూదితో మళ్లీ ఒకసారి పొడవాలి. తొందరలో మరిచిపోతారు. రాజయ్య తను కూడా మొదట్లో మరిచిపోయేవాడు. గంజి పెట్టనివాడికి ఈ తప్పు చేద్దామన్నా రాదు.

అట్ట మీంచి చూపు తీయకుండా అతను గొంతు మామూలుగా ఉంచాడు.

"గిది కట్టినోడు నడిపి చూడలె. నడిపితె అప్పుడే దొరికేది."

"ఎలా నడుపుతాడండి, ఆ రోజు చుక్క పెట్రోలు లేదు కదా. హయత్‌నగర్‌లో బంకులన్నీ..." జోగారావు మాట మధ్యలో తుంచేశాడు.

"హయత్‌నగర్‌ల" అన్నాడు రాజయ్య.

ముత్తమ్మ గిన్నె కడగడం ఆపింది.

"నా తమ్ముడు యాడున్నడు?"

జోగారావు జేబులో పెన్ను తడుముకున్నాడు. రాజయ్య స్క్రూడ్రైవరు బెంచి మీద పెట్టేశాడు. చేతిలో ఏదీ ఉండకపోవడం మంచిదనిపించింది.

"ఆర్నెల్ల సంది నిన్ను తిట్టని దినం లేదు. నీ పేరు చెప్పి మన్ను పోసిన. నువ్వేమో వాని చేత మిషన్లు చేయించుకుంటున్నవ్. వాడు కట్టింది చెడితె వాని దగ్గరికే పోవాలె గద. నా దగ్గరికెందుకొచ్చినవ్?"

"ఒట్టు వేయించుకున్నాడండి" అన్నాడు జోగారావు. గొంతు తగ్గింది. "అన్నయ్యకి చెప్పనని నా చేత ఒట్టు వేయించుకున్నాడు. నేను చెప్పలేదు. ఇప్పుడూ చెప్పడం లేదు. మిషను చేత ఎవరూ ఒట్టు వేయించుకోలేదు కదండి."

రాజయ్య మొదటిసారి ఆయన మొహంలోకి చూశాడు.

"మా అన్న ఓ నట్టు చూసి ఎవరు బిగించారో చెబుతాడని మీవాడు ఎప్పుడూ అంటుంటాడు. సరే, చూద్దామనుకున్నాను. తను కట్టిన మిషను నడవట్లేదని తెలిసీ, వేరే ఎవరికైనా చూపించండని నాకే ఇచ్చేశాడు. ఆ వేరేవాళ్లెవరో చెప్పలేదు. నేనూ అడగలేదు."

ముత్తమ్మ ఏమీ అడగకుండా తన స్టూలు తెచ్చి జోగారావు వెనకాల పెట్టింది. ఆయన కూర్చున్నాడు.

రాస్తారోకో రోజు జోగారావు గాలి కొట్టించుకుని చీకటి పడ్డాక ఇంటికి చేరి, లారీ మీది టార్పాలిన్ ఎత్తితే కింద ఓ పిల్లాడున్నాడట. పోలీసులకు దొరక్కుండా పరిగెత్తి పడ్డాడట, మోకాలు బూరెలా పొంగిపోయి ఉంది. పొద్దున తన చక్రాల్లో గాలి తీసినవాడే.

"తిట్టాననుకోండి, బాగా తిట్టాను. తిడుతూనే దవాఖానాకి తీసుకెళ్లాను. మరేం చేయమంటారు, కాలు విరిగినవాణ్ని రోడ్డు మీద దింపేస్తామా? తర్వాత నర్సరీలో ఉంచాను. పని నేర్చుకున్నాడు. నా దగ్గర మూడు మిషన్లుంటే మూడూ వాడే చూస్తాడు."

"కేసు లేదిప్పుడు. ఇంటికెందుకు రాడు?"

జోగారావు నేల చూశాడు. "తన పేరు చెప్పింది మీరేనని వాడి నమ్మకం."

రాజయ్యకు నవ్వు వచ్చింది. అది నవ్వులా వినిపించలేదు.

"గాలి కోసం లారీ ఠాణా ఎదురుగా ఆగి ఉన్నప్పుడు టార్పాలిన్ కింద నుంచి చూశాడటండి. సాయంత్రం మీరు ఠాణాలోంచి బయటికి వచ్చారు. చేతిలో సంచి ఉంది. ఎస్సై గేటు దాకా వచ్చి మీ భుజం మీద చెయ్యేసి పంపించాడు. నిజమో కాదో నేనడగను."

నిజమే. రాజయ్య బెంచి అంచు పట్టుకున్నాడు. ఆర్నెల్లుగా ఇంట్లోవాళ్లకు కూడా చెప్పని మాట అది. చెప్పకపోవడం కోసమే ఇంకొకణ్ని ఇంత గట్టిగా తిట్టాడేమో కూడా. ఎదుటివాడి మీద కేకలేస్తున్నంతసేపు తన లోపలి మాట తనకు వినబడదు.

"ఠాణల కరెంటు పోయింది" అన్నాడు నెమ్మదిగా. "జెనరేటర్ స్టార్టయితలేదు. జీపేస్కొని వచ్చిండ్రు. పోనంటె ఊకుంటరా? పోయిన. ప్లగ్గుల మసి పట్టింది, తీసిన, నడిచింది. లైట్లొచ్చినయ్. అప్పుడు వినిపించింది, లోపట పిల్లలు ఏడుస్తున్నరని. నేను అడగలె. సంచి సర్దుకున్న. మంచి పని చేసినవని ఎస్సై భుజం తట్టిండు. వచ్చేసిన." అతను బెంచి మీది మరను వేలితో దొర్లించాడు. "పేరు చెప్పలె. ఎవ్వని పేరు చెప్పలె. కాని ఆ లైటు నేనే ఎలిగించిన. గది ఎవనికి చెప్పుకుంట? మా బస్తీల తెలిస్తె ఉంచుతరా?"

జోగారావు స్టూలు దగ్గరికి జరుపుకుని అన్నాడు: "నాతో చెప్పారు కదా. వాడితోనూ చెప్పండి."

"నమ్ముతడా?"

"అది నాకు తెలీదండి. కానీ ఇవాళ నాలుగింటికి దేవరకొండ వైపు లారీ పోతోంది. అక్కడ రెండు నెలల పని ఉంది. వాడూ ఎక్కుతున్నాడు. అందుకే ఇవాళే వచ్చాను."

గోడ గడియారం రెండు దాటి పది నిమిషాలు చూపిస్తోంది. రాజయ్య సూది తీసి, ఆవగింజంత రంధ్రం మీది గంజి పొరను పొడిచాడు. అంత చిన్న పొర. నోటి దగ్గర పెట్టుకుని ఊదితే అవతల పెదవికి చల్లగా గాలి తగిలింది. కొత్త ప్యాకింగు కోయొచ్చు, డబ్బాలో ఉన్నాయి. కోయలేదు. తమ్ముడు కోసినదాన్నే తిరిగి పెట్టి, మరలు బిగించి, చోకు పెట్టి తాడు లాగాడు. ఒకటి. రెండు. మూడోదానికి దగ్గింది. చోకు తీసి నాలుగోసారి లాగితే మిషను అందుకుంది. నీలం పొగ గల్లీ నిండా పాకింది. ఈసారి అది ఆగలేదు.

జోగారావు ఫోను నొక్కి ఏదో చెప్పబోయి, చెప్పకుండానే రాజయ్య వైపు చాచాడు. రాజయ్య ఒక చేత్తో మిషను, ఒక చేత్తో ఫోను పట్టుకున్నాడు. చెవి దగ్గర పెట్టుకుంటే అవతల గొడ్డలి దెబ్బలు, మనుషుల కేకలు, ఆ తర్వాత ఆర్నెల్లుగా వినని గొంతు.

"హలో, సార్? స్టార్టయిందా సార్?"

రాజయ్య నోరు తెరిచాడు. చేతిలో మిషను కొట్టుకుంటూనే ఉంది. అవతలివాడు వింటున్నాడు. గొడ్డలి దెబ్బలు దూరమయ్యాయి, పక్కకు నడిచి వచ్చినట్టున్నాడు. మిషను చప్పుడు తప్ప ఏదీ లేని ఆ ఫోనులో నరేష్ చాలాసేపు ఉన్నాడు. తర్వాత అన్నాడు:

"స్లో ఎక్కువున్నది. రేసియ్యకముందే చెయిన్ తిరుగుతున్నట్టున్నది. జర తగ్గించుమను."

ఎవరిని తగ్గించమనాలో చెప్పలేదు. రాజయ్య ఫోనును భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, స్క్రూడ్రైవరు తీసుకుని, మరను పావు చుట్టు తిప్పాడు. చప్పుడు దిగింది. గొలుసు ఆగింది. ఇంజను మాత్రం సన్నగా, నిలకడగా నడుస్తోంది.

"ఆ, గట్ల" అన్నాడు నరేష్. ఫోను పెట్టేశాడు.

ముత్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందో నవ్వుతుందో తెలియలేదు. "ఇంక నిలబడ్డవేంది? పో" అంది.

పాత స్కూటరు మీద రాజయ్య, వెనక మిషను ఒళ్లో పెట్టుకుని జోగారావు. చైతన్యపురి దాటేసరికి రోడ్డు ఖాళీగా కనిపించి రాజయ్యకు ధైర్యం వచ్చింది. ఎన్నాళ్లకో మొహాన గాలి చల్లగా తగిలింది. తమ్ముడు వింటే చాలు. నమ్మకపోయినా సరే, పక్కన కూర్చుని వింటే చాలు. కొత్తపేట పండ్ల మార్కెట్టు దాటాక దూరంగా డప్పులు వినిపించాయి. మూడింటికి అనుకున్న రాస్తారోకో ముందే మొదలైంది. ఎల్బీనగర్ చౌరస్తా నిండా మనుషులు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటలు చేస్తున్నారు. సందు లేదు.

స్కూటరు మెల్లగా జరుగుతుంటే జెండా కర్ర ఒకటి అడ్డం వచ్చింది. ఇంకో చేత మైకు కూడా పట్టుకున్న ఆ పిల్లాడు ఆర్నెల్ల కింద ఆ ఠాణాలో ఉన్నవాళ్లలో ఒకడు. రాజయ్యను చూసి నవ్వాడు. తర్వాత వెనకాల మనిషిని చూశాడు. నవ్వు పోయింది.

"గీయన లారీ ఆయన గద. నరేషన్న పేరు చెప్పింది గీయనే అని నువ్వే అన్నవ్ గద రాజన్నా."

డప్పు ఆగింది. పది పన్నెండు మంది మూగారు. ఎవరో మిషను మీద చెయ్యి వేశారు. జోగారావు దాన్ని గట్టిగా ఒళ్లోకి లాక్కున్నాడు.

"చెప్పు రాజన్నా. గిప్పుడు నీ బండి మీద ఎందుకున్నడు?"

చౌరస్తా గడియారంలో మూడుకు పదిహేను నిమిషాలుంది. నరేష్‌ను కాపాడింది ఈయనేనని చెబితే జోగారావును వదులుతారు. వాడు ఇంటికెందుకు రాలేదో చెప్పాలంటే ఠాణాలో లైటు వెలిగించిన సంగతీ చెప్పాలి, అప్పుడు తనను వదులుతారో లేదో తెలియదు. రాజయ్య స్కూటరు ఆపి, స్టాండు వేసి, ఆ పిల్లాడి చేతిలోంచి మైకు తీసుకున్నాడు.